గుడ్డు చిల్లు పెట్టి ఆగిపోయిన కౌజు పిల్ల, నిలబడలేని మరో పిల్ల: సాయం ఎలా చేయాలి?

ప్రశ్న

నమస్కారం. ఇంక్యుబేటర్‌లో పెట్టిన కౌజు గుడ్లకు నేడు 18వ రోజు. చాలా పిల్లలు బయటికి వచ్చాయి. ఒక గుడ్డుకు మాత్రం నిన్న సాయంత్రం చిన్న చిల్లు పడి, ఈ సాయంత్రానికి కూడా అది పెరగలేదు. లోపలి నుంచి కీచుమనే శబ్దం వినిపిస్తూనే ఉంది. చిల్లు దగ్గర కనిపించే పొర తెల్లగా కాక గోధుమ రంగుకు తిరిగి, ఎండి గట్టిపడినట్టుంది. పెంకు ఒలిచి పిల్లను బయటికి తీయవచ్చా?

ఇప్పటికే పుట్టిన వాటిలో ఒక పిల్ల నిలబడలేక, రెండు కాళ్లూ చెరో పక్కకు చాపి పొట్ట మీద ఈడ్చుకుంటోంది. మరొక పిల్ల కాలివేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. ఇవి రెండూ నడవగలవన్న ఆశ ఉందా? దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

ముందు గుడ్డు సంగతి చెబుతాను. పెంకు మొత్తం ఒకేసారి ఒలవకండి. గుడ్డులో ఉన్నంతకాలం పిల్ల పెంకు లోపలి పొరలోని రక్తనాళాల ద్వారానే గాలిని అందుకుంటుంది. ముక్కుతో చిల్లు పెట్టి ఊపిరితిత్తులతో శ్వాస మొదలుపెట్టాక ఆ నాళాల్లోని రక్తం మెల్లగా ఒంట్లోకి చేరుతుంది, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా పొట్టలోకి వెళుతుంది. బయటికి కదలిక కనిపించని గంటల్లో లోపల ఈ పని జరుగుతూ ఉంటుంది. అది పూర్తికాకముందే పొర చింపితే రక్తస్రావమై, బలంగా ఉన్న పిల్ల కూడా చనిపోతుంది. అందుకే చిల్లు పడిన మొదటి కొన్ని గంటల్లో ఎవరు సాయం చేయబోయినా నేను వద్దనే అంటాను.

మీ విషయంలో రోజు గడిచింది, పొర కూడా ఎండింది కాబట్టి జోక్యం అవసరమే. తేమ తగ్గినప్పుడు పొర పిల్ల ఒంటికి బిగుసుకుపోయి, అది లోపల తిరగలేకపోతుంది. ముందు ఇంక్యుబేటర్ తేమను 65 నుంచి 70 శాతానికి తెచ్చి, ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉందో లేదో చూడండి. తరువాత గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన దూది పుల్లతో పొరను తడపండి. ముక్కు రంధ్రాల దగ్గర చుక్క నీరు కూడా నిలవకూడదు, లోపలికి వెళితే ఊపిరాడదు. తడిసిన పొర కొంత పారదర్శకంగా మారి, ఎర్రని నాళాలు ఉంటే కనిపిస్తాయి. అవి కనిపిస్తే ముక్కుకు గాలి ఆడేంత చిల్లు ఉంచి, గుడ్డును తిరిగి లోపల పెట్టి మళ్లీ కొన్ని గంటలు ఆగండి. నాళాలు లేకపోతే వెడల్పు కొన వైపు పెంకును కొద్దికొద్దిగా గుండ్రంగా తీసి, మిగతా సగంలో నుంచి పిల్లను తానే తన్నుకుని రానివ్వండి. మధ్యలో రక్తపు చుక్క కనబడితే వెంటనే ఆపేయండి. బొడ్డు దగ్గర పచ్చసొన ఇంకా బయట ఉంటే దాన్ని లాగవద్దు, తెంచవద్దు.

రెండవ సమాధానం

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే కాళ్ల విషయంలో తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఇక్కడ ఆగకూడదు. పిల్ల ఎముకలు, కీళ్లు మెత్తగా ఉండే మొదటి రెండు మూడు రోజుల్లో సరిచేస్తే కుదురుకునే కాలు, వారం దాటితే చాలావరకు అలాగే ఉండిపోతుంది.

కాళ్లు పక్కలకు జారిపోవడానికి తరచుగా కనిపించే కారణం నున్నని నేల. కాగితం, ప్లాస్టిక్ వంటివి తీసేసి, గోళ్లకు పట్టు దొరికే గరుకు బట్ట గానీ రబ్బరు జాలీ గానీ పరవండి. తరువాత ఒంటికి అంటించే బ్యాండేజీ నుంచి సన్నని పీలిక కత్తిరించి, రెండు కాళ్లకూ చుట్టి, కాళ్లు సరిగ్గా ఒంటి కిందికి వచ్చేంత ఎడం మధ్యలో వదలండి. మరీ దగ్గరగా కడితే పిల్ల పడిపోతుంది. మరీ బిగిస్తే రక్తప్రసరణ ఆగి పాదం వాస్తుంది, కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు చూడాలి. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో కట్టు విప్పవచ్చు. ఆ కొద్దిరోజులూ మిగతా పిల్లలు తొక్కకుండా, దానికి కనబడేంత దగ్గరలోనే అడ్డు పెట్టి ఉంచండి, ఒంటరిగా ఉంటే బెంగతో అరుస్తూ అలసిపోతుంది. నీటి పళ్లెంలో గులకరాళ్లు వేయడం మరవకండి, కౌజు పిల్ల అంగుళం లోతు నీటిలోనైనా మునిగిపోగలదు.

ముడుచుకున్న వేళ్లకు పాదం కొలతకు పలుచని అట్టముక్క కత్తిరించి, వేళ్లను విడదీసి దానిపై టేపుతో అంటించండి. తల్లి పక్షుల మేతలో రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, తగ్గినా ఈ లోపం వస్తుంది. పిల్లల తాగునీటిలో బి విటమిన్ల మందు కలపండి. ఒకే జట్టులో పలు పిల్లలకు వేళ్లు ముడుచుకుంటే మాత్రం తల్లుల మేత మార్చక తప్పదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పొర తడిపి చూస్తే సన్నని ఎర్రని గీతలు కనిపించాయి, అందుకే గుడ్డును తిరిగి లోపల పెట్టాను. కాళ్లు చాపే పిల్లకు కట్టు కట్టాను. అయితే దాని ఒక మడమ కీలు రెండోదాని కంటే కాస్త ఉబ్బి కనిపిస్తోంది. ఇది మామూలేనా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

మామూలు కాదు. కీలు ఉబ్బి, వెనుక భాగం చదునుగా తగులుతూ, కాలు పక్కకు మెలితిరిగి ఉంటే స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి కణజాలం, తన గాడి నుంచి జారిపోయి ఉండవచ్చు. మాంగనీసు, కోలిన్ వంటి పోషకాలు తగ్గినప్పుడు ఇలా జరుగుతుంది. దానికి ఈ కట్టు పనిచేయదు, నొప్పి పెంచుతుంది; వెంటనే విప్పేసి, ఈ రోజే పశువైద్యునికి చూపించండి. స్నాయువును గాడిలోకి తిరిగి జరపడం సాధ్యమే గానీ ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. వాపు కేవలం రుద్దుకోవడం వల్ల వచ్చినదై, కాలు తిన్నగా ఉంటే, నేల మార్చి కట్టు కొనసాగించవచ్చు. గుడ్డును మాత్రం రేపు ఉదయం మళ్లీ తడిపి చూడండి.