షోకేస్ లైట్లకి ఎన్ని సర్క్యూట్లు?

తెనాలి_చీరలకొట్టు: మా షోకేస్ 20 అడుగులు. 20 వాట్ల ట్రాక్ లైట్లు 24, అన్నీ ఒకే 6 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) మీద. సాయంత్రం స్విచ్ వేయగానే టప్‌మని పడిపోతోంది. మొత్తం 480 వాట్లే కదా! ఎన్ని సర్క్యూట్లు వేయాలి? అద్దం లోపల వేడికి ఏం చేయాలి?

కరెంటు_కాశీ: 16 ఆంప్స్‌ది వేసేయండి. మా కొట్లో అదే, ఐదేళ్లుగా కిక్కురుమనలేదు.

గుంటూరు_వైర్‌మ్యాన్: అదే భయం బాబూ. లోపల 1 ఎంఎం వైరుంటే ఎంసీబీ పడేలోపే వైరు మాడుతుంది.

డల్లాస్_బాబాయ్: ఇక్కడ షో విండోకి అడుగుకి 200 వీఏ (వోల్ట్-ఆంప్స్, దాదాపు వాట్ల లాంటివే) లెక్క. 20 అడుగులకి 4,000. మూడు గంటలకు మించి వెలుగుతాయి కాబట్టి 125 శాతం, 5,000. 120 వోల్టుల్లో 20 ఆంప్స్ సర్క్యూట్‌కి 2,400. అంటే మూడు సర్క్యూట్లు. పైన ప్రతి 12 అడుగులకీ ఒక ప్లగ్ పాయింట్ కూడా ఉండాలి.

గుంటూరు_వైర్‌మ్యాన్: 480 వాట్లకి 5,000 లెక్కా? తెనాలికి డల్లాస్ రూలు దేనికండీ! మాకు పది పాయింట్లు, 800 వాట్లు దాటితే ఇంకో సర్క్యూట్. 24 లైట్లకి మూడు.

కరెంటు_కాశీ: ఇద్దరూ మూడే అన్నారు, మరి కొట్లాట దేనికి? అయినా ట్రాక్ మొత్తం ఒక్క పాయింటే.

గుంటూరు_వైర్‌మ్యాన్: ఒక్క పాయింటా? ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయనతో ఆ మాట అను, చూద్దాం.

ప్యానెల్_పిచ్చోడు: బాబాయ్ గారూ, సగమే చెప్పారు. బ్రాంచ్ సర్క్యూట్‌కి, అంటే ప్యానెల్ నుంచి లైట్లకి వెళ్లేదానికి, లైట్ల వారీగా లెక్క కట్టినా మీ అమెరికా వైరింగ్ కోడ్ ఒప్పుకుంటుంది. 200 తప్పనిసరి అయ్యేది ఫీడర్‌కి, అంటే ప్యానెల్‌కి వచ్చే పెద్ద లైన్‌కి.

డల్లాస్_బాబాయ్: 28 ఏళ్లుగా ఇదే పని. నాకు నేర్పకండి.

ప్యానెల్_పిచ్చోడు: సరే. తెనాలి గారూ, ఎంసీబీ మీద బి6 అని ఉందా? స్విచ్ వేసిన క్షణంలో లైట్లకి కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్లన్నీ ఒక్కసారిగా కరెంటు గుంజుతాయి. బి రకం తన రేటింగ్‌కి (మీకు 6 ఆంప్స్) 3 నుంచి 5 రెట్లకే వెంటనే పడుతుంది, సి రకం 5 రెట్ల దాకా ఓర్చుకుని 5 నుంచి 10 రెట్ల మధ్య పడుతుంది. లైట్లను విడగొట్టి సి6లు వేయించండి.

ధర్మవరం_పట్టు: ఇవన్నీ సరే, చీరల సంగతి చూడండి. మేం హాలోజన్లు పెట్టాం. మూడు నెలలకి మడత పైన గులాబీ, లోపల ఎరుపు. ఆ చీర చివరికి మా అత్తగారికి పోయింది.

కరెంటు_కాశీ: ఆవిడ ఏమన్నారు?

తెనాలి_చీరలకొట్టు: బి6 అనే ఉంది. ఎనిమిదేసి లైట్లకి ఒక సి6 చొప్పున మూడు వేయించాం. వారమైంది, పడలేదు. వేడి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదండీ.