స్టాక్‌హోమ్‌కి కొత్త: యూఎక్స్ డిజైన్ వై.హెచ్.లో చదవచ్చా, ఎంఎస్సే మేలా?

హరిత, సుంద్‌బీబెర్గ్:

అందరికీ నమస్తే అండీ. మావారి వర్క్ పర్మిట్ మీద డిపెండెంట్‌గా ఈమధ్యే వచ్చాను. పర్సన్‌నుమ్మర్ (ఇక్కడి ఆధార్ లాంటి నంబరు) వచ్చేసింది. నాది బీటెక్ ఈసీఈ. మాదాపూర్‌లో ఒక సర్వీస్ కంపెనీలో నాలుగేళ్లు మాన్యువల్ టెస్టింగ్ చేశాను. బగ్ కాదని డెవలపర్లు మూసేసిన టికెట్ల మీదే నా గొడవంతా ఉండేది. "పనిచేస్తోంది కదా, ఇంకేంటి" అనేవాళ్లు. పనిచేస్తోంది సరే, వాడేవాళ్లకి అర్థమవ్వాలి కదా అని నా వాదన. అందుకే యూఎక్స్ వైపు, అంటే వాడేవాళ్లకి సులువుగా ఉండేలా డిజైన్ చేసే పని వైపు, వెళ్దామని ఉంది.

ఇక్కడ యుర్కెస్‌హోగ్‌స్కూలాలో (వై.హెచ్. అంటారు, ఉద్యోగానికి తయారుచేసే వృత్తివిద్య) రెండేళ్ల కోర్సు ఉందని, ఫీజు లేదని విన్నాను. మా మామగారేమో "బీటెక్ చేసి మళ్లీ డిప్లొమా ఏంటమ్మా, ఎంఎస్ చెయ్యి" అంటున్నారు. ఇంకోపక్క ఒక ఆన్‌లైన్ బూట్‌క్యాంప్ వాళ్లు రోజూ ఫోన్ చేసి ఆర్నెల్లలో ఉద్యోగం అని ఊరిస్తున్నారు. ఫిగ్మా (స్క్రీన్లు గీసే డిజైన్ సాఫ్ట్‌వేర్) యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటున్నాను. స్వీడిష్ మాత్రం "హేయ్", "తక్" దాటలేదు. ఎక్కణ్నించి మొదలుపెట్టమంటారు?

శ్రీనివాస్, షిస్తా:

వెల్‌కమ్ అండీ. ఫోన్లు చేసి మరీ సీటిచ్చే చోట డబ్బు కట్టకండి. ఇక్కడ మంచి చదువుకి మనమే వెంటపడాలి, వాళ్లు మన వెంట పడరు. మిగతాది సుజాతక్క చెబుతుంది, ఆవిడ ఆ దారిలోనే వచ్చింది.

సుజాత, సోల్నా:

హరితగారూ, నేను ఈ వై.హెచ్. చదివే ఇప్పుడు ఒక కన్సల్టెన్సీలో చేస్తున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మీ మామగారి సందేహం. ఇది మన పాలిటెక్నిక్ లాంటిది కాదని చెప్పండి. పది తర్వాత కాదు, ఇంటర్ స్థాయి చదువు పూర్తయ్యాకే ఇందులోకి రానిస్తారు. 2009 నుంచి దీనికంటూ ప్రభుత్వంలో ప్రత్యేకంగా ఒక సంస్థే ఉంది. కంపెనీల వాళ్లు "మాకు ఇలాంటి పనివాళ్లు కావాలి" అని ముందుకొస్తేనే కోర్సుకి డబ్బు మంజూరవుతుంది. ఏ స్కూలుకి ఏ కోర్సు ఇవ్వాలో ఏటా జనవరిలో తేలుస్తారు. కాబట్టి నిరుడు ఉన్న కోర్సు ఈ ఏడు ఉంటుందని నమ్మకం లేదు. పాత పోస్టులు చూసి ఆశ పెట్టుకోకండి, వై.హెచ్. వాళ్ల సైటులో ఆ ఏటి జాబితా చూడండి. దరఖాస్తు కూడా యూనివర్సిటీలకి పెట్టినట్టు ఒకేచోట కాదు, ఏ స్కూలుకి ఆ స్కూలుకే పెట్టాలి. ఎక్కువగా వసంతంలో తీసుకుంటారు, క్లాసులు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి.

కోర్సుల పాయింట్ల లెక్క తేలికే. 5 పాయింట్లంటే ఒక వారం పూర్తి చదువు. 400 పాయింట్లంటే రెండేళ్లు. పెద్ద సర్టిఫికెట్ కావాలంటే అందులో కనీసం నాలుగో వంతు, అంటే 20 వారాలు, కంపెనీలో కూర్చుని పని నేర్చుకోవాలి. దాన్ని లియా అంటారు. జీతం ఉంటుందని అనుకోకండి. ఫీజు లేదన్నది నిజమే, కానీ సి.ఎస్.ఎన్. (చదువుకునేవాళ్లకి డబ్బు సాయం చేసే ప్రభుత్వ సంస్థ) నెలనెలా ఇచ్చే సాయాన్ని మీ ఇంటి బడ్జెట్‌లో ఇప్పుడే వేసుకోకండి. డిపెండెంట్ పర్మిట్ ఉన్నంత మాత్రాన అది రాదు. మీ పర్మిట్ వివరాలతో వాళ్లకే రాసి అడగండి.

ఇక అసలు సంగతికొస్తాను. మీరు ఫిగ్మా దగ్గర మొదలుపెట్టారు. తప్పులేదు గానీ ఇక్కడ చదువులో అది చిన్న ముక్క, ఎవరైనా కొన్ని వారాల్లో పట్టేస్తారు. మీకు ముందు కావలసింది స్వీడిష్. సుంద్‌బీబెర్గ్ లైబ్రరీలో ఎదురుగా కూర్చున్న పెద్దాయన్ని "ఈ పేజీలో పుస్తకం రెన్యూ చెయ్యండి, చేస్తూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పండి" అని అడిగారనుకోండి. మీ యాస వినగానే ఆయన ఇంగ్లిష్‌లోకి మారిపోతాడు, ఇక్కడివాళ్ల మర్యాద అది. ఇంగ్లిష్‌లో ఆయన "ఇట్స్ ఫైన్, వెరీ క్లియర్" అంటాడు. అదే స్వీడిష్‌లో ఉండనిస్తే గొణుగుతాడు, నిట్టూరుస్తాడు, "ఇదెక్కడి పదం, దీన్నెవరు పెట్టారు" అంటాడు. ఆ గొణుగుడే మీకు కావలసిన డేటా. ఇంగ్లిష్‌లో అది మీ చేతికి రాదు. తిప్పి చూడండి, మీ అమ్మగారు తెలుగులో బ్యాంకు యాప్‌ని తిట్టినట్టు ఇంగ్లిష్‌లో తిట్టగలరా?

అందుకే చాలా కోర్సులు ప్రవేశానికే స్వెన్స్‌కా సోమ్ ఆంద్రస్ప్రోక్ (రెండో భాషగా స్వీడిష్) రెండో మెట్టు అడుగుతాయి. ఇంగ్లిష్‌లో నడిచేవి కొన్ని ఉంటాయి గానీ చాలా తక్కువ, పోటీ ఎక్కువ. పైగా లియాకి వెళ్లేసరికి స్వీడిష్ ఎలాగూ ఎదురవుతుంది.

ఇంకో మాట. ఈ దేశానికి వాడేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని డిజైన్ చేసే అలవాటు పాతది. 1981లో మొదలైన ఉటోపియా ప్రాజెక్టులో ముద్రణ కార్మికుల సంఘాలూ పరిశోధకులూ కలిసి పనిచేశారు. పత్రికల్లోకి కంప్యూటర్లు వస్తుంటే పేజీలు కట్టే కార్మికులే ఆ యంత్రం ఎలా ఉండాలో చెప్పారు. అప్పటికి లేని యంత్రాలకి అట్టపెట్టెలతో నమూనాలు చేసి, వాటి ముందు కూర్చుని పని చేస్తున్నట్టు నటించి చూశారు. మా క్లాసులోనూ మొదట్లో కాగితం, కత్తెర, స్టికీ నోట్లే. పక్క డెస్క్ అబ్బాయి ఒక అట్టముక్క పట్టుకుని "నేను స్క్రీన్‌ని, నొక్కు" అనేవాడు. ఎక్కడ నొక్కితే అక్కడ కాగితం మార్చేవాడు. నవ్వొచ్చేది, కానీ ఒక్క మధ్యాహ్నంలో మూడు తప్పుదారులు దొరికిపోయేవి.

ప్రవీణ్, మాల్మో:

హరిత చెల్లె, సుజాతక్క చెప్పింది తప్పని అనను గానీ అందరికీ అదే దారి కాదు. స్వీడిష్ మొత్తం వచ్చేదాక ఆగుడంటే ఏడాది, ఏడాదిన్నర ఇంట్ల కూసునుడే. మీ మామగారన్న ఎంఎస్ మాట గూడ తీసిపారేయకు. చదువు కోసం గాక వేరే కారణంతోని పర్మిట్ ఉన్నోళ్లకు యూనివర్సిటీల ఫీజు పడదు. వర్క్ పర్మిట్ డిపెండెంట్‌వి కాబట్టి నీకూ అదే లెక్క. ఈ సంగతి మనోళ్లల్ల చానామందికి తెల్వదు, లక్షలు కట్టాలనుకొని గమ్మునుంటరు. మాల్మోల ఇంటరాక్షన్ డిజైన్ మాస్టర్స్ ఉంది, గోథెన్‌బర్గ్‌ల చాల్మర్స్‌ల ఉంది, ఉమేయోల డిజైన్ స్కూలుకు ప్రపంచమంత పేరుంది. అన్నీ ఇంగ్లిష్‌లనే. దరఖాస్తు జనవరి నడిమిట్ల మూస్తరు. ఉమేయోల పోర్ట్‌ఫోలియో (నువ్వు చేసిన డిజైన్ పనులన్నీ చూపించే కట్ట) గట్టిగ చూస్తరు, ఉత్త బీటెక్ మార్కులతోని కాదు.

ఇంకోటి గుర్తు పెట్టుకో. వై.హెచ్. పాయింట్లు వేరే, యూనివర్సిటీ పాయింట్లు వేరే. వై.హెచ్. చేసి రేపు దాని మీద మాస్టర్స్‌కు పోతా అంటే నేరుగ లెక్కకు రావు. నీకు బీటెక్ ఉంది కాబట్టి ఆ తలుపు ఎట్లనూ తెరిచే ఉంటది, అది వేరే ముచ్చట. పీహెచ్‌డీ, పెద్ద ప్రాడక్ట్ కంపెనీ మనసుల ఉంటే మాస్టర్స్. తొందరగ పనిల దిగాలె, ఇక్కడోళ్లతోని పరిచయాలు కావాలె అంటే వై.హెచ్.

సుజాత, సోల్నా:

ప్రవీణ్, ఫీజు సంగతి బాగా చెప్పావ్. నేనది రాయాల్సింది.

అయినా హరితగారి విషయంలో నా ఓటు వై.హెచ్.కే. నాలుగేళ్లు ఉద్యోగం చేసిన మనిషికి ఇంకో సిద్ధాంతాల చదువు కన్నా ఒక ఆఫీసులో బల్ల దొరకడం ముఖ్యం. లియా ఇచ్చేది అదే. దాన్ని స్కూలు వెతికి పెడుతుందనుకోకండి, చాలాచోట్ల మనమే వెతుక్కోవాలి. మనవాళ్లకి ఇక్కడే కష్టం. మెయిల్ పంపి రెండు వారాలు ఎదురుచూసి "రిప్లై రాలేదు" అంటారు. ఇక్కడ ఫోన్ చెయ్యాలి, "పావుగంట మీ పని గురించి అడగాలని ఉంది, కాఫీకి రానా" అనాలి. అలా అడిగితే తప్పుగా అనుకోరు. ఉద్యోగాల సంగతి దాచను: 2023 నుంచి జూనియర్లకి బాగా బిగుసుకుంది. లియా చేసిన చోటే నిలబడ్డవాళ్లు నాకు ఎక్కువగా కనిపించారు.

మీ టెస్టింగ్ అనుభవాన్ని దాచుకోకండి. ఎక్కడ, ఏం చేస్తే, ఏమైంది, ఏం కావాల్సింది అని నాలుగు వాక్యాల్లో రాయడం మీకు చేతి అలవాటు. యూజబిలిటీ రిపోర్టు (వాడేవాళ్లకి ఎక్కడ ఇబ్బందో చెప్పే నివేదిక) అన్నా అదే కదా. దానికి తోడు యాక్సెసిబిలిటీ, అంటే చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్లూ వాడగలిగేలా చెయ్యడం, పట్టుకోండి. ప్రభుత్వ సైట్లకి 2019 నుంచే చట్టం ఉంది. 2025 జూన్ 28 నుంచి యూరప్ నిబంధన కింద ఆన్‌లైన్ షాపులు, బ్యాంకులు, టికెట్ల యాప్‌లు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. లేత బూడిదరంగు అక్షరాలు తెల్ల నేపథ్యం మీద అందంగా ఉన్నాయని డిజైనర్ మురిసిపోతాడు. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ వెలుగు తేడా) 4.5కి 1 ఉందా లేదా అని మీరు కొలిచి చూపిస్తారు. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతోనే టికెట్ కొనగలరా చూడండి, ఎన్ని పెద్ద సైట్లు చతికిలబడతాయో మీకే తెలుస్తుంది. డిజైన్ తెలిసి, ఇది పరీక్షించడమూ తెలిసినవాళ్లు తక్కువ.

హరిత, సుంద్‌బీబెర్గ్:

సుజాతక్కా, ప్రవీణన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. ఫీజు సంగతి మామగారికి చెప్పాను, ప్రస్తుతానికి మెత్తబడ్డారు. రెండు ప్రశ్నలు. పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి? ఆఫీసు పనులు ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) వల్ల చూపించలేను. ఫుడ్ డెలివరీ యాప్ ఒకటి రీడిజైన్ చేద్దామా అనుకుంటున్నా. రెండోది, ఎస్.ఎఫ్.ఐ. (కొత్తగా వచ్చినవాళ్లకి నేర్పే స్వీడిష్ క్లాసులు) నుంచి ఆ రెండో మెట్టు దాకా దారేంటి?

సుజాత, సోల్నా:

ఫుడ్ డెలివరీ వద్దు తల్లీ. ప్రవేశ పరీక్ష చూసేవాళ్లు వాటిని చూసీ చూసీ విసిగిపోయి ఉంటారు.

మీ బిల్డింగ్ కింద త్వెట్‌స్తూగా ఉంటుంది కదా, అందరూ బట్టలుతుక్కునే గది. పాత బిల్డింగుల్లో గోడకి ఒక బోర్డు ఉంటుంది, తేదీలూ గంటలూ గడులు గడులుగా. ఒక్కో ఫ్లాటుకి నంబరు వేసిన చిన్న తాళం బిళ్ల. కావలసిన గడిలో గుచ్చి తాళం తిప్పితే ఆ వేళ మీది. బిళ్ల ఇంటికొకటే, కాబట్టి ఎవరూ రెండు వేళలు పట్టెయ్యలేరు. గోడ మీద రూలు రాయక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ఇప్పుడు చాలా బిల్డింగుల్లో దాన్ని తీసి టచ్ స్క్రీనో యాప్‌నో పెట్టారు. ఇంట్లో సోఫా మీంచే బుక్ చెయ్యొచ్చు, మంచిదే. మరి ఏం పోయింది? స్మార్ట్‌ఫోన్ వాడని పై అంతస్తు పెద్దావిడ ఏం చేస్తోంది? బుక్ చేసి రానివాళ్ల వేళ ఎవరికి పోతోంది?

వెళ్లి మీ బిల్డింగ్‌లో ఒక ఐదుగురిని అడగండి. "ఈ యాప్ నచ్చిందా" అని అడక్కండి, అందరూ నచ్చిందనే అంటారు. "పోయినసారి బుక్ చేసినప్పుడు ఏం జరిగిందో మొదట్నించీ చెప్పండి" అనండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ విసుక్కున్నారో రాసుకోండి. తర్వాత కాగితం మీద గీసి మళ్లీ వాళ్లకే చూపించండి. మొదటి గీత ఎలా ఉండేది, ఎవరి మాట వల్ల ఏది మార్చారు అన్నది పోర్ట్‌ఫోలియోలో ఉండాలి. మెరిసే స్క్రీన్లు చివర్లో రెండు చాలు. విరిగిన స్వీడిష్‌లో అడిగినా పర్లేదు, ఇరుగుపొరుగు త్వెట్‌స్తూగా మీద ఫిర్యాదులు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధమే.

భాషకి మీ కమ్యూన్‌లో (మునిసిపాలిటీలో) ఎస్.ఎఫ్.ఐ.కి పేరివ్వండి. డిగ్రీ ఉందని తప్పకుండా చెప్పండి, చదువుకున్నవాళ్లకి మూడో బాట ఇస్తారు, అందులో సి, డి కోర్సులే. డి అయ్యాక కొమ్‌వుక్స్‌లో (పెద్దవాళ్ల బడిలో) గ్రుండ్, అంటే ప్రాథమిక స్థాయి, ఆపైన మొదటి మెట్టు, రెండో మెట్టు. అన్నీ ఉచితమే. ప్రవీణ్ అన్న ఏడాదిన్నర నిజమే, కానీ ఇంట్లో కూర్చుని కాదు, ఆ త్వెట్‌స్తూగా పనీ ఇదీ కలిపి నడపొచ్చు. బీటెక్ కాగితాలు ఇప్పుడే యూ.హెచ్.ఆర్.కి (విదేశీ డిగ్రీలని పోల్చి చూసే ప్రభుత్వ సంస్థకి) పంపెయ్యండి, డిగ్రీ ఇక్కడ ఏ స్థాయికి సరిపోతుందో ఉచితంగానే రాసిస్తారు. మార్కుల మెమోలు హైదరాబాద్‌లో మర్చిపోయి వచ్చి ఉంటే ఎవరైనా వస్తూంటే తెప్పించుకోండి, ఒరిజినల్స్ కొరియర్‌లో వద్దు.

శ్రీనివాస్, షిస్తా:

మా ఆఫీసు యూఎక్స్ టీమ్‌లో ఒకావిడ వై.హెచ్. నుంచే వచ్చింది. మీరు ఎస్.ఎఫ్.ఐ. డి దాకా వచ్చాక చెప్పండి, కాఫీకి పరిచయం చేస్తాను. ఆవిడ ఇంగ్లిష్‌లో మాట్లాడితే మీరు స్వీడిష్‌లోనే సమాధానం చెప్పాలి, అదొక్కటే షరతు.