'లైఫ్ ఇన్ హెల్' తెలుగులో ఏమవుతుంది: బతుకా, జీవితమా, కాపురమా?

'లైఫ్ ఇన్ హెల్' అనే అమెరికన్ కామిక్ స్ట్రిప్ పేరుకు తెలుగు చెప్పమని అడిగితే "నరక జీవితం", "నరకంలో జీవితం", "బతుకే నరకం" అని మూడు జవాబులొచ్చాయి. మూడింటిలో ఏదీ నాకు ఆనలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ బొమ్మల సంగతి కాస్త చెప్పుకోవాలి.

ఆ స్ట్రిప్ గీసిన మాట్ గ్రేనింగ్ అమెరికాలోని పోర్ట్‌లాండ్ కుర్రాడు. 1977లో లాస్ ఏంజెలస్ చేరాడు. ఆ ఊళ్లో తన రోజులు ఎలా గడుస్తున్నాయో స్నేహితులకు చెప్పడానికి బొమ్మలు గీసి, కాపీలు తీసి పంచాడు. తను పనిచేసే రికార్డుల దుకాణంలోనే పెట్టి అమ్మాడు కూడా. 1978లో 'వెట్' అనే పత్రిక అచ్చువేసింది. 1980 నుంచి 'లాస్ ఏంజెలస్ రీడర్' అనే వారపత్రికలో వరసగా వచ్చింది. తర్వాత ఇతర నగరాల ప్రత్యామ్నాయ వారపత్రికలూ అందుకున్నాయి. 2012 దాకా నడిచింది.

బింకీ అనే కుందేలు అందులో ముఖ్యుడు. బెదురు కళ్లు, నిలువు చెవులు, ఎప్పుడూ దిగులు. షీబా వాడి ప్రియురాలు, గౌను తీసేస్తే అచ్చం బింకీయే. బోంగో బింకీ కొడుకు, పెళ్లి లేకుండా పుట్టినవాడు, ఒంటిచెవి పిల్లాడు. వీళ్లు కాక అక్బర్, జెఫ్ అనే ఇద్దరు మనుషులు: ఒకే ముక్కు, ఒకే చారల చొక్కా, నెత్తిన ఒకే కుచ్చు టోపీ. మొదట్లో బింకీ లోకం మీద అరిచేవాడు. అప్పుడు ఎవరికీ పెద్దగా నచ్చలేదు. అరిచేవాణ్ణి కాస్తా దెబ్బలు తినేవాడిగా మార్చాక పాఠకులు వాణ్ణి దగ్గరకు తీసుకున్నారు. గ్రేనింగే ఈ సంగతి చెప్పాడు.

ఇక మాట దగ్గరకు వద్దాం. తెలుగులో నరకం ఒట్టినే ఉండదు. ఎవరో ఒకరు చూపిస్తారు, మనం అనుభవిస్తాం. "ఆ ఇంటివాడు మాకు నరకం చూపించాడు" అంటాం. పురాణాల నరకమైతే లెక్క ఇంకా గట్టిది. భాగవతం పంచమ స్కంధం చివర తామిస్రం, రౌరవం, కుంభీపాకం అంటూ పట్టికే ఉంది. పరుల సొమ్ము కాజేస్తే తామిస్రం, బతికున్న జంతువుల్ని వండుకుంటే కుంభీపాకం, ఏ పాపానికి దాని చోటు. చిత్రగుప్తుడి చిట్టా తేలాక జీవుడు బయటపడతాడు. బింకీకి ఆ చిట్టా లేదు. వాడేం పాపం చేశాడని? పొద్దున లేస్తాడు, ఆఫీసుకెళ్తాడు, ప్రేమిస్తాడు, అద్దె కడతాడు. నరకం వాడికి శిక్ష కాదు, చిరునామా.

అందుకే "బతుకే నరకం" కుదరదు. అది ఏడుపు. బింకీ కథ ఏడుపు కాదు, భరించలేనిదాంట్లో సర్దుకుని ఉండటం. "జీవితం" మరీ పుస్తకాల మాట, ఆ గీతలకు అతకదు. "నరకంలో బతుకు" వీటికన్నా నయం, కానీ "కుక్క బతుకు" లాంటి తిట్టు ఛాయ పట్టుకుంటుంది.

నా ఓటు "నరకంలో కాపురం"కే. "మేం పదేళ్లు బెజవాడలో కాపురమున్నాం" అన్నప్పుడు ఆ మాటలో అద్దె ఉంది, పాలవాడున్నాడు, పక్కింటి గోల ఉంది. లాస్ ఏంజెలస్‌లో కొత్తగా దిగిన కుర్రాడు స్నేహితులకు రాసి పంపింది సరిగ్గా ఇదే కదా.

కింద వ్యాఖ్యల్లో ఒక మాస్టారి అభ్యంతరానికి జవాబు: "కాపురమంటే ఆలుమగలది, బింకీ షీబాలకు పెళ్లే కాలేదు" అన్నారు మాస్టారు. మాస్టారూ, మీ ఇంట్లో పాత దస్తావేజు ఉంటే ఒకసారి విప్పి చూడండి. "ఫలానా గ్రామ కాపురస్థులు" అని ఉంటుంది. అక్కడ పెళ్లయినవాడా, బ్రహ్మచారా అని ఎవరూ అడగరు. ఆ ఊళ్లో ఉంటున్నవాడు, అంతే. "కాపురం కూలింది" అన్నప్పటి దాంపత్యపు అర్థం కూడా చెవిలో పడుతుందంటే పడనివ్వండి. బింకీ కష్టాల్లో సగం షీబాతోనే.

ఈ స్ట్రిప్ పుస్తకాలుగా వచ్చినప్పటి పేర్లకు తెలుగు అడిగినవారికి: 'లవ్ ఈజ్ హెల్' 1984లో వచ్చింది, తర్వాత 'వర్క్ ఈజ్ హెల్', 'స్కూల్ ఈజ్ హెల్', 'చైల్డ్‌హుడ్ ఈజ్ హెల్'. "ప్రేమ నరకం" అంటే సమాసమో వాక్యమో తెలీదు. "ప్రేమే నరకం" అంటే మిగతావన్నీ స్వర్గమేమో అనిపిస్తుంది. గ్రేనింగ్ వాటిని పాఠ్యపుస్తకాల ధోరణిలో రాశాడు, ప్రేమికుల్లో తొమ్మిది రకాలంటూ గళ్లు గీసి మరీ వర్గీకరించాడు. అందుకని నిర్వచనంలా ఉండాలి: "ప్రేమంటే నరకమే", "పనంటే నరకమే", "బడంటే నరకమే", "బాల్యమంటే నరకమే". ఆ తేటగీత కుందేళ్లకు ఆ చిన్న మాటలే నప్పుతాయి.

'సింప్సన్స్' అనే అమెరికన్ టీవీ కార్టూన్ తీసినాయన ఈ గ్రేనింగేనా అంటే, ఈయనే. టీవీ కోసం పిలిచినప్పుడు ఈ కుందేళ్ల హక్కులు వదులుకోవాల్సి వస్తుందని వాటిని ఇవ్వకుండా కొత్త కుటుంబాన్ని సృష్టించాడు. అంత ప్రాణం వాటిమీద.

నిజంగా చిక్కు అక్బర్, జెఫ్‌లతోనే. వరసగా అన్ని గళ్లలోనూ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉంటారు. బొమ్మ దాదాపు మారదు, మాటే మారుతుంది. ఒకడు ప్రేమగా ఏదో అంటాడు, రెండోవాడు గుచ్చుతాడు, మౌనంగా ఒక గడి పోతుంది, మళ్లీ మొదలు. వాళ్లు అన్నదమ్ములా, ప్రేమికులా అన్నది గ్రేనింగ్ చాలాకాలం తేల్చి చెప్పలేదు. ఇంగ్లీషుకి ఆ వీలుంది, ఒక్క "యూ"తో గడిచిపోతుంది. తెలుగులో నోరు తెరిస్తే వరస తేలిపోతుంది. "ఒరేయ్" అంటే స్నేహితులో అన్నదమ్ములో అయిపోతారు. "ఏమండీ" అంటే మొగుడూ పెళ్లాల వరస. "బావా" అనిపిద్దామా అని ఆలోచిస్తున్నాను. మేనరికం ఉంది, వేళాకోళం ఉంది, స్నేహితులూ అనుకుంటారు, కొన్ని ఇళ్లలో భార్య భర్తనూ అలాగే పిలుస్తుంది. కాకపోతే అన్నదమ్ములన్న అనుమానం చెరిగిపోతుంది, అది చిన్న నష్టం కాదు. అసలు పిలుపే లేకుండా, ఒట్టి "నువ్వు"తో మొత్తం సంభాషణ నడిపి చూశాను. వ్యాకరణం ఒప్పుకుంది గానీ చదువుతుంటే ఇద్దరూ అప్పుడే పరిచయమైనవాళ్లలా ఉన్నారు.

తెలంగాణ మిత్రులు చెప్పాలి: మీ వైపు ఇద్దరు మగవాళ్లు ఎంతో దగ్గరగా ఉండి, చుట్టరికం ఏదీ తేల్చకుండా పిలుచుకునే మాట ఏదైనా వాడుకలో ఉందా?