అప్‌డేట్: నైట్ డ్యూటీలు, నిద్ర, నర్సింగ్‌లో కొనసాగడం

ఐసీయూలో వరస నైట్ డ్యూటీలతో పగలు నిద్ర పట్టట్లేదు, నర్సింగే మానేయాలా అని ఇదివరకు అడిగాను. మానలేదు. జవాబిచ్చిన అందరికీ, ముఖ్యంగా సీనియర్ అక్కలకి చాలా థాంక్స్.

అన్నిటికంటే బాగా పనిచేసింది కాఫీ వేళ మార్చడం. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుందని మీలో ఒకరు చెప్పారు కదా, ఇప్పుడు అర్ధరాత్రి దాటాక ముట్టుకోవట్లేదు. ఇంటికెళ్లేటప్పుడు చలవ కళ్లద్దాలు, గదికి మందపాటి కర్టెన్లు. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే మెలటోనిన్ (నిద్ర వచ్చేలా చేసే హార్మోన్) తగ్గిపోతుంది, ఇక నిద్రెక్కడ! తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో శరీర ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది, చురుకుదనం కూడా. ఆ వేళ ఇచ్చే మందుల డోసు ఇంకొకరికి చూపించి సరిచూసుకుంటున్నాను. ఇది ప్రతి వార్డులోనూ నియమంగా ఉండాలని గట్టిగా అనిపిస్తోంది.

ఇంకొకటి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నైట్ షిఫ్ట్ పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' (గ్రూప్ 2ఏ) అని 2007లో వర్గీకరించింది, 2019లో మళ్లీ అదే చెప్పింది. అది చదివాక ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్ పోస్టుకి దరఖాస్తు పెట్టాను, పగటి డ్యూటీనే. ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. ఆ పనిలో ఉన్నవాళ్లుంటే ఏం చదువుకుని వెళ్లాలో చెప్పండి, ప్లీజ్.