జిల్లేడును గన్నేరు ఇంట కలపడం సబబేనా?

పర్లాకిమిడి మాస్టారు:
ముప్పై ఏళ్లు పిల్లలకు జిల్లేడుది ఒక కుటుంబం, గన్నేరుది మరొకటి అని చెప్పాను. 1810లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ విడదీసిన జిల్లేడు కుటుంబం అస్క్లిపియడేసిని 1998లో ఏపీజీ వర్గీకరణ (ముఖ్యంగా డీఎన్ఏ చూసి పూల మొక్కలను కుటుంబాలుగా పేర్చే పద్ధతి) గన్నేరు కుటుంబం అపోసైనేసిలో కలిపేసింది, 1936లో మన ఊరిని ఒడిశాలో కలిపినట్టు. మనవరాలి పుస్తకంలో చూసి ఒళ్లు మండింది. జిల్లేడు పువ్వు నడుమ కిరీటం పక్కనున్న గాడిలో గుండుసూది దూర్చి పైకి లాగండి (పాలు కంట్లో పడకుండా చూసుకోండి). చిన్న నల్లటి ముడికి వేలాడుతూ రెండు పసుపు సంచులు వస్తాయి, త్రాసు తట్టల్లా. వాటి నిండా పుప్పొడే. గన్నేరులో ఇలాంటిది చూపించండి, ఒప్పుకుంటాను.

రాయగడ విద్యార్థిని:
గన్నేరులో ఆ సంచులు లేవు, నిజమే మాస్టారూ. కానీ మీరు పువ్వు దగ్గరే ఆగారు, కాయ విప్పలేదు. ఎండిన గన్నేరు కాయలో గింజగింజకూ దూది. జిల్లేడుకూ అంతే. బిళ్ళగన్నేరు కాయలో మాత్రం ఉత్త నల్ల గింజలు. డీఎన్ఏ చెప్పేదీ అదే: గన్నేరుకు బిళ్ళగన్నేరుకన్నా జిల్లేడే దగ్గరి చుట్టం. జిల్లేడును వేరు పెడితే దగ్గరి దాయాదిని గెంటేసి దూరపు చుట్టాన్ని ఇంట్లో ఉంచుకున్నట్టే.

పర్లాకిమిడి మాస్టారు:
దూది ఉన్నవన్నీ చుట్టాలేనా? బూరుగు కాయలో లేదా?

గుణుపురం వేళ్ల వ్యాపారి:
బూరుగు దూది కాయ గోడకు పుడుతుందండీ. వీటిది గింజ కొసన కుచ్చు. ఇక నేను కొనే సుగంధిపాల సంగతి వినండి. మా అమ్మాయి కళాశాల సూక్ష్మదర్శినిలో దాని పుప్పొడి చూపించింది. సంచీ లేదు, విడి రేణువులూ కావు. నాలుగేసి రేణువులు అతుక్కుని చిన్న చెంచాలాంటి దానిలో ఉన్నాయి. మీరు చెప్పే రెండింటికీ నడిమి మెట్టు అది. 2000లో ఎండ్రెస్, బ్రుయిన్స్ అనే వృక్షశాస్త్రవేత్తలు ఈ ఇంటిని ఐదు ఉపకుటుంబాలు చేసి, సుగంధిపాలకు ఒక గది, జిల్లేడుకు మరొక గది ఇచ్చారు. మీ గోడ ఎక్కడికీ పోలేదు.

పర్లాకిమిడి మాస్టారు:
బూరుగు మాట వెనక్కి తీసుకున్నాను. పొద్దున పెరట్లో గన్నేరు కాయ విప్పితే మనవరాలి జడనిండా దూదే. అయినా పువ్వు కోసి చూపే పాఠంలో జిల్లేడుకు వేరే రోజు కేటాయించాల్సిందే, ఆ సంచులు మరి దేనిలో చూపిస్తారు? అన్నట్టు, దేవగన్నేరు ఎటువైపు?

రాయగడ విద్యార్థిని:
దాని గింజకు దూది లేదు మాస్టారూ, రెక్క ఉంటుంది. బిళ్ళగన్నేరు వైపే.