యానిమేటెడ్ సిట్‌కామ్‌లు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో చూడాలి?

కార్టూన్‌పిచ్చి:
పెద్దవాళ్ల కోసం తీసిన కార్టూన్ సిట్‌కామ్‌లు ఒక్కొక్కటిగా చూద్దామనుకుంటున్నా. లిస్టులో సింప్సన్స్, ఫ్యూచరామా, సౌత్ పార్క్, బాబ్స్ బర్గర్స్, బోజాక్ హార్స్‌మన్ ఉన్నాయి. సింప్సన్స్ మొదటి సీజన్ పెడితే బొమ్మలు వంకరటింకరగా ఉన్నాయి, కథ నత్తనడక నడుస్తోంది. అందరూ అంతలా పొగిడేది దీన్నేనా? మధ్యలోంచి ఎత్తుకుంటే అర్థం కాదా? వీటి సినిమాలు ముందు చూడాలా, తర్వాతా? ఇంకో సంగతి, పాత ఎపిసోడ్లలో తలలు పైన తెగిపోయినట్టున్నాయి. టీవీ సెట్టింగ్ తప్పా? స్పాయిలర్లు మాత్రం వద్దు ప్లీజ్.

పసుపుబొమ్మ:
మీకు అనిపించింది నిజమేనండీ. ఆ 13 ఎపిసోడ్లు తీసేటప్పటికి వాళ్లకే చేయి కుదరలేదు. 1989 డిసెంబర్ 17న వచ్చిన క్రిస్మస్ ఎపిసోడ్‌తో సిరీస్ మొదలైంది గానీ, ముందు తయారైంది అది కాదు. ముందు తీసినదాని యానిమేషన్ కొరియా నుంచి తిరిగొచ్చాక నిర్మాతలకు అస్సలు నచ్చలేదు. చాలా భాగం మళ్లీ గీయించాల్సి రావడంతో అది సీజన్ ఆఖర్న, 1990 మేలో పడింది. ఇంటి పెద్ద హోమర్ గొంతు కూడా మొదట్లో వేరు. ఆ గొంతిచ్చే డాన్ కాస్టెలనెటా బరువుగా, గొణుగుతున్నట్టు చెప్పేవాడు. ఇప్పుడు అందరికీ తెలిసిన గొంతు తర్వాత కుదురుకుంది.

మూడో సీజన్ నుంచి మొదలెట్టండి, ఎనిమిది దాకా ఆగకుండా వెళ్లండి. దాదాపు ప్రతి ఎపిసోడ్ చివర అంతా మళ్లీ మామూలైపోతుంది కాబట్టి మీరేమీ పోగొట్టుకోరు. ఆ ఆరు సీజన్లలోనూ రుచి మారుతుంది. 3, 4 సీజన్ల రచనను నడిపించింది అల్ జీన్, మైక్ రీస్, అవి బిగుతుగా ఉంటాయి. 5, 6 డేవిడ్ మిర్కిన్‌వి, అక్కడ అసంబద్ధం బాగా పెరుగుతుంది. 7, 8 బిల్ ఓక్లీ, జోష్ వైన్‌స్టైన్‌లవి, కుటుంబం మళ్లీ మధ్యలోకి వస్తుంది. నన్నడిగితే నాలుగో సీజన్‌ని మించింది లేదు. ఎనిమిది అయ్యాక వెనక్కొచ్చి మొదటి సీజన్ చూడండి. అప్పుడా నెమ్మదితనమే బాగుంటుంది, ఎందుకంటే నిజమైన ఇంటికి అంత దగ్గరగా ఈ సిరీస్ మళ్లీ రాలేదు. 2007 సినిమా ఆ తర్వాత.

నాలుగుబైమూడు:
తలలు తెగడం గురించి. అది మీ టీవీ తప్పు కాకపోవచ్చు. సింప్సన్స్ 2009 ఫిబ్రవరి దాకా, అంటే ఇరవయ్యో సీజన్ మధ్య దాకా, 4:3 ఫ్రేమ్‌లోనే (వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు) తీశారు. దాన్ని ఇప్పటి వెడల్పాటి 16:9 తెరకి నింపాలంటే వెడల్పు అలాగే ఉంచి పైనా కిందా కలిపి సరిగ్గా పావు వంతు బొమ్మ కోసెయ్యాలి. 2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు పాత సీజన్లన్నీ ఇలా కోసే పెట్టారు. గొడవ అయ్యాక 2020 మేలో అసలు ఫ్రేమ్ తిరిగిచ్చారు.

అందులో చూస్తుంటే సిరీస్ పేజీలో 'డీటెయిల్స్' అనే ట్యాబ్‌లోకి వెళ్లండి. 'రీమాస్టర్డ్ యాస్పెక్ట్ రేషియో' అనే స్విచ్ ఉంటుంది, ఆఫ్ చెయ్యండి. తెరకి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే సరైన బొమ్మ వచ్చినట్టే. రాకపోతే టీవీలో జూమ్ గానీ స్ట్రెచ్ గానీ ఆన్ అయి ఉంటుంది. హోమర్ కనుగుడ్డు చూడండి. గుండ్రంగా ఉంటే సరే, కోడిగుడ్డులా అడ్డంగా సాగితే స్ట్రెచ్.

ఇది చాదస్తం కాదు. నాలుగో సీజన్‌లో డఫ్ బీరు ఫ్యాక్టరీకి వెళ్లే ఎపిసోడ్ ఉంది. డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు పెద్ద ట్యాంకులు వరసగా ఉంటాయి. పైన చూస్తే మూడింటికీ బీరు వచ్చేది ఒకే గొట్టంలోంచి. జోకంతా ఆ గొట్టమే. కోసిన బొమ్మలో గొట్టం లేదు, మూడు ట్యాంకులే మిగిలాయి.

ఎపిసోడ్‌లెక్క:
ఫ్యూచరామాకి మాత్రం మధ్యలోంచి ఎత్తుకోవద్దు. 1999 మార్చిలో వచ్చిన మొదటి ఎపిసోడ్‌లో హీరో ఫ్రై కుర్చీలో వెనక్కి వాలినప్పుడు టేబుల్ కింద ఒక నీడ కనబడుతుంది. అదేంటో 2003లో గానీ చెప్పరు. అంతకుమించి చెప్పను.

అక్కడ అసలు తలనొప్పి సీజన్ నంబర్లు. మొదట అమెరికా ఛానల్ ఫాక్స్‌లో వచ్చినవి 72 ఎపిసోడ్లు. తయారైన వరుసలో అవి నాలుగు సీజన్లు, ప్రసారమైన వరుసలో ఐదు. మొదటి విడత 13 తీస్తే ఫాక్స్ 9 వేసి మిగతా 4 తర్వాతి సీజన్‌లోకి నెట్టింది. కాబట్టి ఒకచోట 'మూడో సీజన్' అన్నది ఇంకోచోట నాలుగు కావచ్చు. నంబర్ వదిలేసి ఎపిసోడ్ పేరు పట్టుకోండి. 2007 నుంచి 2009 దాకా వచ్చిన నాలుగు డీవీడీ సినిమాలు సిరీస్‌లో భాగమే, తర్వాత ఒక్కోదాన్ని నాలుగు ఎపిసోడ్లుగా కోసి టీవీలో వేశారు. 72 అయ్యాక, 2010 సీజన్‌కి ముందు అవే చూడాలి. సినిమాగానూ ఎపిసోడ్లుగానూ రెండూ కనబడితే ఒకటి చాలు.

సౌత్ పార్క్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. చాలాకాలంగా ఒక్కో ఎపిసోడ్ ఆరు రోజుల్లో తయారవుతోంది. సింప్సన్స్‌కి ఒక్కోదానికి నెలలు పడుతుంది. ఒబామా గెలిచిన మర్నాడే, 2008 నవంబర్ 5న, ఆ గెలుపు మీద ఎపిసోడ్ వేశారు. అందుకే ఇక్కడ సీజన్ కన్నా తేదీ ముఖ్యం. జోక్ అర్థం కాకపోతే ఆ వారం వార్తలేంటో చూడండి. ఎక్కణ్ణుంచైనా మొదలెట్టొచ్చు గానీ 19, 20 సీజన్లు కథ అతుక్కుని నడుస్తాయి, వాటిని వరుసగా చూడాలి. 1999 సినిమా మొదటి రెండు సీజన్లు అయ్యాక చూడొచ్చు.

బోజాక్ ఒకటో ఎపిసోడ్ నుంచే, ఒక్కటీ వదలకుండా. మొదటి ఆరూ మామూలు సిట్‌కామ్‌లా ఉంటాయి, ఏడు ఎనిమిదుల్లో పట్టు దొరుకుతుంది. అక్కడ పాడైంది మళ్లీ బాగవదు. హాలీవుడ్ బోర్డులోంచి 'డి' అక్షరం పోయాక ఊరి పేరే 'హాలీవూ' అయిపోతుంది. క్రిస్మస్ స్పెషల్‌ని కొన్నిచోట్ల విడిగా పెడతారు, ఒకటి రెండు సీజన్ల మధ్య చూడండి.

బర్గర్‌బోర్డు:
బాబ్స్ బర్గర్స్ గురించి ఎవరూ చెప్పలేదేంటి! టైటిల్స్ స్కిప్ చెయ్యొద్దు. పక్క షాపు పేరు, వచ్చి ఆగే పురుగుమందు వ్యాన్ పేరు ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ మారతాయి. కథ మధ్యలో షాపులోని నల్లబోర్డు మీద 'ఈరోజు బర్గర్' పేరు కూడా అంతే, కనబడగానే పాజ్ కొట్టండి. ఫ్యూచరామా టైటిల్ కింద వాక్యం, సింప్సన్స్ టైటిల్స్ చివర కుటుంబం సోఫా దగ్గరికి చేరేటప్పటి జోక్ కూడా మారేవే.

చివర్న పేర్లు పడుతుంటే పాటో చిన్న సీనో వస్తుంది. ఆటోప్లే ఆన్‌లో ఉంటే ప్లేయర్ దాన్ని మింగేసి తర్వాతి ఎపిసోడ్‌కి దూకుతుంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపెయ్యండి. 2022 సినిమాకి పది పదిహేను ఎపిసోడ్లు చూసి ఉంటే సరిపోతుంది.

పసుపుబొమ్మ గారూ, మొదటి సీజన్ వదిలెయ్యమనే సలహా అన్నిటికీ పనికిరాదు. కింగ్ ఆఫ్ ద హిల్ 1997లో మొదటి ఎపిసోడ్ నుంచే బాగుంది. 2025లో మళ్లీ వచ్చిన సీజన్‌లో ఆ ఇంటి కొడుకు బాబీ పెద్దవాడై డాలస్‌లో షెఫ్‌గా ఉంటాడు. పాతవి చూడకుండా దానికి వెళ్తే ఆ మార్పు విలువ తెలీదు. లిస్టులో చేర్చండి.

కార్టూన్‌పిచ్చి:
స్విచ్ ఆఫ్ చేశా, పట్టీలు వచ్చాయి, తలలూ వచ్చాయి. థాంక్స్ అందరికీ. సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలా?

బర్గర్‌బోర్డు:
సింప్సన్స్‌కి పెట్టుకోండి, కానీ సైజు తగ్గించండి, కింద ఉన్న బోర్డుల మీద పడుతుంది. బాబ్స్ బర్గర్స్‌కి తీసెయ్యండి. నటులు చాలాసార్లు కలిసి రికార్డ్ చేస్తారు, ఒకరి మాట మీద ఇంకొకరు పడతారు, గొణుగుతారు. సబ్‌టైటిల్‌లో ఆ గొణుగుళ్లు సగం రావు. వచ్చినవి కూడా మాటకంటే ముందే చదివేస్తాం, నవ్వు పోతుంది.