పాలు, నెయ్యి మానేసిన ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఎలా?

తులసికోట:
జీవహింస ఉందని పాలు, నెయ్యి, తేనె, పట్టు ఇంట్లో మానేశాం. దేవుడి మీద నమ్మకం అలాగే ఉంది. శ్రావణంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పంచామృతం, దీపం, రవ్వ ప్రసాదం, ఈ మూడింటి దగ్గర ఆగిపోయాం. పాలు లేకపోతే వ్రతలోపం అని అత్తగారి బెంగ. గోమాతకు మొక్కేవాళ్లం ఆవుపాలను హింస అనడమేంటని కూడా అడుగుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పగలరా?

పౌరోహిత్యం:
ముందు ఆవిడ బెంగ తీర్చండి. లేని ఉపచారానికి పూజలో దారి ఎప్పటి నుంచో ఉంది. 'వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి', 'ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి' అని ఆవిడ కూడా ఎన్నోసార్లు వినే ఉంటారు. యజ్ఞాల్లోనే సోమలతకు బదులు పూతిక తీగ వాడమన్నారు. యజ్ఞవిధుల్ని విచారించే మీమాంసా శాస్త్రంలో ప్రతినిధి ద్రవ్యాల (బదులు వాడేవాటి) మీద పెద్ద చర్చే ఉంది. కాకపోతే అదంతా ద్రవ్యం దొరకనప్పటి సంగతి. దొరికినా వద్దనుకోవడం వేరు. అందుకని 'శాస్త్రమే మానమంది' అని ఆవిడతో వాదించకండి, అది నిలవదు. గీత 9.26లో పత్రం, పుష్పం, ఫలం, తోయం ఉన్నాయి, పాలు లేవు. దాంతో పాలు నిషేధమని తేలదు. పాలు లేనంత మాత్రాన పూజ చెడదని మాత్రం తేలుతుంది. యోగసూత్రాల్లో యమాలు, అంటే పాటించాల్సిన నిగ్రహాలు ఉన్నాయి, వాటిలో మొదటిది అహింస. జాతి, దేశ, కాల మినహాయింపులు లేకుండా పాటిస్తే అది మహావ్రతమని 2.31 చెబుతుంది. మీ ఇంటి నియమం ఆ కోవలోది అని చెప్పండి, ఆవిడకు అర్థమవుతుంది.

పంచామృతం దగ్గర చాలామంది చేసే పని, కొబ్బరిపాలు పోస్తూ 'క్షీరేణ స్నపయామి' అనడం. చేతిలో ఒకటి, నోట ఒకటి. నాకది సమ్మతం కాదు. 'పంచామృత స్నానార్థం అక్షతాన్ సమర్పయామి' అని అక్షతలు వేయండి. వెంటనే 'యాః ఫలినీః' మంత్రంతో కొబ్బరినీళ్లు పోయండి. ఫలోదక స్నానం మామూలు క్రమంలో ఉన్నదే, కొత్తగా కల్పించింది కాదు. ఆ తర్వాత శుద్ధోదకం, అంటే మంచినీళ్లు.

దీపానికి నువ్వుల నూనె. 'సాజ్యం త్రివర్తి సంయుక్తం' అని మంత్రంలో నెయ్యి మాటే ఉన్నా, అది చదువుతూ నూనె దీపం పెట్టని తెలుగిల్లు అరుదు. కొబ్బరినూనె చల్లటి గదిలో గడ్డకట్టి వత్తికి అందదు, దీపం కొండెక్కుతుంది.

హోమం మాత్రం కలపకండి. ఆజ్యం, అంటే నెయ్యి, లేకుండా దాన్ని సరిగ్గా చేయించలేం. గోరోచనం, కస్తూరి కూడా జంతువుల నుంచి తీసేవే, పూజాసామగ్రి జాబితాలో ఉంటే కొట్టేయండి. ఇవన్నీ ముహూర్తం పెట్టేరోజే పురోహితుడికి చెప్పాలి. పీట మీద కూర్చున్నాక చెబితే ఆయనకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

గోశాల:
అత్తగారి ప్రశ్నను తీసిపారేయకూడదు. పాలు పితకడంలోనే పాపముందని నేననను. లెక్క చూడండి. ఈనితేనే పాలు. ఆవు ఆరు ఈతలు ఈనితే రమారమి మూడు కోడెదూడలు. ట్రాక్టర్లు వచ్చాక వాటికి పొలంలో పనిలేదు. ఆవు ఇరవై ఏళ్ల దాకా బతకగలదు, పాలిచ్చేది అందులో సగం కూడా ఉండదు. అంటే మూడు కోడెల మేత, వట్టిపోయిన ఆవు మేత, అన్నీ ఆ కొద్ది ఏళ్ల పాల మీదే పడాలి. బజారు ధరలో ఆ ఖర్చు లేదు. ఖర్చు లేదంటే కోడెల్ని చాలావరకు ఎవరూ పోషించడం లేదని, వదిలేయడమో కబేళాకు పంపడమో జరుగుతోందని అర్థం. 1977 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవును, దూడను వధించకూడదంటుంది. పనికిరాని ఎద్దుకు ధ్రువపత్రం ఇచ్చే వీలు మాత్రం అందులోనే ఉంది.

అభిషేకానికి గిద్దెడు పాలైనా ఉండాలని ఆవిడ పట్టుబడితే, తెచ్చే చోట అడగండి: కోడెలు ఎక్కడున్నాయి? వట్టిపోయినవి ఎక్కడ? దూడకు ఎన్ని చన్నులు వదులుతున్నారు? కోడెల్ని చూపించలేని చోట తీసుకోవద్దు. జున్నుపాలు, అంటే ఈనగానే వచ్చే ముర్రుపాలు, అసలే వద్దు. రోగాన్ని ఆపే శక్తి దూడకు తల్లి కడుపులో అందదు, ముర్రుపాలతోనే అందుతుంది. ఆ శక్తి పేగులోంచి ఒంటికి పట్టేది మొదటి రోజు వరకే.

వంటశాల:
రవ్వ ప్రసాదం గురించి. వ్రతకథలోనే 'రంభాఫలం ఘృతం క్షీరం గోధూమస్య చ చూర్ణకం, అభావే శాలిచూర్ణం వా శర్కరాం వా గుడం' అని ఉంది. గోధుమకు బదులు బియ్యప్పిండి, చక్కెరకు బదులు బెల్లం చెప్పారు గానీ నేతికీ పాలకూ బదులు చెప్పలేదు. అవి మనం మార్చుకుంటున్నవే, అలాగే ఒప్పుకుందాం. సపాదం, అంటే ఒకటింపావు కొలత, మాత్రం తప్పకండి.

1¼ గ్లాసుల గోధుమ రవ్వను పావు గ్లాసు గానుగ కొబ్బరినూనెలో సన్నసెగన కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. మరిగే నీళ్లు 2½ గ్లాసులు పోసి రవ్వ పూర్తిగా ఉడకనివ్వండి. అప్పుడే 1¼ గ్లాసుల చక్కెర. ముందే వేస్తే నీళ్లను అది లాగేసుకుని రవ్వ పలుకుగా మిగిలిపోతుంది. బెల్లమైతే విడిగా కరిగించి వడగట్టాలి, లేకపోతే ఇసుక తగులుతుంది. దించాక 1¼ గ్లాసుల చిక్కటి కొబ్బరిపాలు, చివర్లో అరటిపండ్లు, ఏలకులు. పొయ్యి మీద ఉండగా కొబ్బరిపాలు పోస్తే మరిగి విరుగుతాయి, నూనె పైకి తేలుతుంది. ఎండాకాలంలాంటి ఉక్కలో ఈ ప్రసాదం రాత్రిదాకా నిలవదు. వ్రతం అయిన వెంటనే పంచేయండి.

ఇంకో మాట. పులిహోర, వడపప్పు, పానకం, ఉండ్రాళ్లు, శనగల గుగ్గిళ్లు: వీటిలో పాలూ లేవు, నెయ్యీ అక్కర్లేదు. నైవేద్యాల్లో సగం మీ నియమానికి ముందే సరిపోతున్నాయి.

తులసికోట:
చాలా సాయం చేశారండీ. గుళ్లో నేతి లడ్డూ పెడితే ఏం చేయాలి? మడికి పట్టు బదులు అహింసా పట్టు కట్టుకోవచ్చా?

పౌరోహిత్యం:
ప్రసాదాన్ని వద్దనకండి. కళ్లకద్దుకుని, తినేవాళ్ల చేతిలో పెట్టండి. అమ్మకానికున్న లడ్డూలు అదనంగా కొనడం మానేయండి, చాలు.

మామూలు పట్టుకైతే కాయలోని పురుగు రెక్కల చిలుకగా మారి బయటికి రాకముందే ఆవిరిలోనో వేడిగాలిలోనో చంపుతారు, లేకపోతే పోగు తెగుతుంది. చిలుక వెళ్లిపోయాక వడికే అహింసా పట్టుకు హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య పేటెంట్ పొందారు. కాయలోనే చంపడం కంటే అది ఎంతో మేలు. అయినా పెంపుడు పట్టుచిలుక ఎగరలేదు, తినలేదు, కొద్దిరోజుల్లో గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చే పురుగులన్నింటికీ మల్బరీ ఆకు ఎవరూ పెట్టలేరు. అందుకే నూలు బట్టే కట్టుకోండి. ముందురోజు తడిపి, ఎవరూ తాకని చోట దండెం మీద ఆరేసి, పొద్దున స్నానం చేసి మీరే తీసుకుంటే అది మడే. పట్టుకు రోజూ తడిపి ఆరేసే పని లేదు, అదొక్కటే తేడా.